గొడ్లు నడిచిన గుమ్మం

మార్చి 3, సోమవారం

ఆస్పత్రి నుంచి మిస్ టోజర్ వచ్చి ఇల్లు కొలుచుకుని వెళ్లింది. జబ్బుపడ్డవాళ్లు ఇంటికి చేరాక ఎలా లేస్తారు, ఎలా తిరుగుతారు అని చూసి ఏర్పాట్లు చేయడం ఆమె ఉద్యోగం. వీధి గుమ్మానికి టేపు పెట్టి పెదవి విరిచింది. మెట్ల దగ్గర పెట్టి మళ్లీ విరిచింది. చక్రాల కుర్చీ ఆ గుమ్మంలో ఇరుక్కుంటుందట. మెట్లు పొగగొట్టం చుట్టూ మెలికలు తిరుగుతాయి కాబట్టి మా ఆయన హెడ్లీని ఎవరూ మోసుకుని ఎక్కలేరట.

"ఇల్లు ముచ్చటగా ఉంది మిసెస్ ఎండకాట్. కానీ ఆయన్ని ఉంచడానికి పనికిరాదు" అంది.

"డెబ్భై ఏళ్లు పనికొచ్చిందిగా! ఆయన పుట్టిందే ఈ ఇంట్లోనమ్మా" అన్నాను.

ఈస్టర్ నాటికి నేను దారి చూపించకపోతే పట్నంలో వృద్ధాశ్రమంలో గది చూస్తారట. ఒళ్లు మండిపోయింది. అయినా వెళ్లేటప్పుడు ఆమె చేతిలో గుడ్లు పెట్టాను. జనవరిలో హెడ్లీ ఆవు పక్కనే కూలిపోయి కుడి పక్కంతా పడిపోయి మాట పోయాక, మళ్లీ చెంచా పట్టుకోవడం నేర్పుతున్నది ఈ పిల్లే. అది మరిచిపోతే కళ్లు పోతాయి.

ఎలాగూ ఇదంతా కొన్నాళ్ల ముచ్చటే. వేసవికల్లా మెట్లు ఎక్కేస్తాడు.

మార్చి 4

వీధి గుమ్మం పక్కన గోడ కొట్టి వెడల్పు చేయిస్తానని జిల్లా కచేరీకి ఫోన్ చేశాను. మా ఇల్లు పాత కట్టడాల జాబితాలో ఉందట, రాయి కదపాలన్నా వాళ్ల అనుమతి కావాలట. మనిషిని పంపిస్తామన్నారు. నా మొగుణ్ణి నా ఇంట్లోకి తెచ్చుకోవడానికి అనుమతి!

మార్చి 7

హెడ్లీ ఇవాళ చెంచా తనే పట్టుకున్నాడు. సూప్ సగం దుప్పటి మీదే పోయింది. పోతే పోయింది.

మార్చి 11

కచేరీ మనిషి వచ్చాడు. పేరు పిల్‌బీమ్. వానలో గొడుగు వేసుకుని వీధిలోనే నిలబడి, లోపలికి రాకుండా ఇంటికేసి చాలాసేపు చూశాడు. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా నన్ను అలా చూడలేదు. 

"ఆ గుమ్మం ముట్టుకోవడానికి వీల్లేదు మిసెస్ ఎండకాట్. రెండు పక్కలా నిలువు రాళ్లు, పైన రాయి, ఈ ముగ్గురే ముందు గోడని మోస్తున్నారు. ఒకరిని కదిపితే మిగతావాళ్లు ఊరుకోరు."

రాళ్లని మనుషుల్లా పిలుస్తున్నాడు. "అక్కడ ఆస్పత్రిలో నిజం మనిషి ఉన్నాడు. ఆయన్ని ఏం చేయమంటారు?" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. ఇల్లు మొత్తం ఒకసారి చూడనిస్తారా అని అడిగాడు. ఏ మూలకు పోతావో పో అనుకుని టీ పెట్టడానికి వెళ్లాను. టార్చి పట్టుకుని అటక మీదికి పాకాడు. వాసాలకి చేయి రాసి, నల్లటి అరచేతితో దిగాడు. దొంగపిల్లిలా ఉన్నాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"మసి! ఈ ఇంటికి మొదట్లో పొగగొట్టమే లేదండీ. నట్టింట్లో నేలమీదే మంట. పొగంతా గడ్డికప్పులోంచి పోయేది. పొగగొట్టం తర్వాతెవరో కట్టారు. కళ్ల మంట భరించలేక కట్టుంటారు. పైన గదులు ఆ తర్వాత, మెట్లు ఆ తర్వాత."

"అంటే ఎవరికి ఏది కావలిస్తే అది మార్చుకున్నారు. నాకొచ్చేసరికి వీల్లేదు" అన్నాను. 

ఆయన అరచెయ్యి జేబురుమాలుతో తుడుచుకున్నాడు. తర్వాత మంచి గదిలోకి వెళ్లాడు.

"ఇక్కడ మీరేం చేస్తారు?"

"ఏమీ చేయం. అందుకే అది మంచి గది."

అత్తగారి గది అది. ఆమె పియానో, ఆమె గులాబీపూల గోడకాగితం. క్రిస్మస్‌కీ, పాస్టరుగారు వచ్చినప్పుడూ, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడూ తప్ప ఆ తలుపు తెరిచేవాళ్లం కాదు. హెడ్లీనీ మరిది మెర్విన్‌నీ వాళ్లు మీసాలొచ్చిన మగవాళ్లయ్యాక కూడా బూట్లు విప్పితేగానీ గడప దాటనిచ్చేది కాదు.

పిల్‌బీమ్ జేబులోంచి పెన్సిల్ తీసి పలకలు పరిచిన నేలమీద పెట్టాడు. అది దొర్లుకుంటూ చివరిగోడ దాకా పోయింది. ఆయన పెన్సిల్ వదిలేసి బయటికి పరుగెత్తాడు. కిటికీలోంచి చూద్దును కదా, అంత చక్కని కోటుతో గోడ మొదట్లో దురదగొండి మొక్కల్లో బోర్లా పడుకుని ఉన్నాడు! చేయి మోచేతిదాకా ఓ కన్నంలోకి పోనిచ్చాడు.

"మీ పాస్టరుగారు టీ ఎక్కడ కూర్చుని తాగుతారు?" అని అక్కణ్ణుంచే అరిచాడు.

"పియానో పక్కన, పెద్ద కుర్చీలో. ఏం?"

"అయితే ఇన్నాళ్లూ ఆయన ఆవుల ఉచ్చకాలవ మీద కూర్చుని తాగుతున్నారు!"

ఈ సగం ఇల్లు గొడ్ల చావిడట. ఆ వాలు అందుకే, ఈ కన్నం అందుకే. ఎగువన మనుషులు, దిగువన గొడ్లు, ఒకటే కప్పు కింద. మా కొండప్రాంతంలో పాత ఇళ్లన్నీ అలాగే కట్టేవారట, చలికాలంలో గొడ్ల వెచ్చదనం మనుషులకి తగిలేదట. అత్తగారు వింటే ఇంకోసారి చచ్చిపోయేది.

నేను నవ్వుతూనే, వాన వెలిసిన దొడ్లోకి వెళ్లి, "సంతోషం. హెడ్లీకి ఇదేం ఉపయోగం?" అన్నాను.

పిల్‌బీమ్ లేచి, దొడ్డివైపు గోడకి పాకిన తీగని చేత్తో పక్కకి లాగాడు. వెనక బారెడు పొడుగు రాయి అడ్డంగా ఉంది. "దీన్ని ఎప్పుడైనా చూశారా?"

"రోజూ చూస్తూనే ఉన్నా. బట్టల తాడు కట్టింది దాని పక్కనే."

"దాని కింద చూడండి. గోడంతా పెద్ద పెద్ద బండలు. ఇక్కడ మాత్రం పిడికిలంత రాళ్లు. కిందిదాకా. ఇంత పొడుగు రాయిని గోడలో ఊరికే ఎవరూ పెట్టరండీ. ఇది గుమ్మం. ఎవరో మూసేశారు. కడుపుతో ఉన్న ఆవు పక్కటెముకలు తగలకుండా వెళ్లేంత గుమ్మం."

"హెడ్లీ ఆవుకంటే సన్నమే" అన్నాను.

అన్నాక గానీ ఆ మాట నా బుర్రకెక్కలేదు. దొడ్డివైపు మెట్లు లేవు. బండి గోడ దాకా వస్తుంది. తడి బట్టల బుట్ట మీదే కూలబడ్డాను. 

"కొత్త గుమ్మం కొట్టడానికి ఒప్పుకోను. కానీ ఇంటికి ఉన్న గుమ్మమే మళ్లీ తెరుస్తానంటే మా పైవాళ్ల దగ్గర నేను మాట్లాడతాను" అన్నాడు. ఆయన మోచేతులు దురదగొండి కుట్టి దద్దుర్లు తేలాయి. వెన్న రాశాను.

మార్చి 12

నిద్రలేవగానే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత ఇంటికీ పెట్టుకున్నాను, ఎవరూ చూడటం లేదు కదా అని. పెళ్లయి వచ్చిన రోజునుంచీ ఈ ఇంటిని తిట్టని పూట లేదు. చలి అని, చెమ్మ అని, తల తగులుతుందని. ఒక్కసారైనా ఎదురుచెప్పలేదు, పాపం.

మార్చి 13

ఆస్పత్రికి వెళ్లి గుమ్మం సంగతి హెడ్లీకి చెప్పాను. పాస్టరుగారి టీ దగ్గరికి వచ్చేసరికి తను నవ్వాడు. సగం మొహమే నవ్వింది. పక్క మంచం ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. జనవరి తర్వాత ఇదే మొదటి నవ్వు. నాకు ఏడుపొచ్చింది. నన్ను చూసి తనూ మొదలెట్టాడు. నర్సు పరుగెత్తుకొచ్చి ఏమైందంటే ఇద్దరం చెప్పలేకపోయాం.

పెద్ద డాక్టరు బయటికి పిలిచి ఏదో చెప్పాడు. కాళ్ల గురించి. నేనంతా వినలేదు. బస్సుకి టైమైపోతోంది.

మార్చి 15, శనివారం

మెర్విన్ వచ్చాడు. ఇల్లు అన్నదమ్ములిద్దరి పేరునా ఉంది కాబట్టి వాడు ఒప్పుకోవాలి. వాడికిష్టమైన ఆపిల్ పై వేడివేడిగా కాల్చిపెట్టి మరీ చెప్పాను. ఆపిల్ పై ముట్టలేదు.

"అమ్మ గదిని గొడ్ల చావిడి చేస్తావా వదినా?"

"నేను చేయడమేంటి, అది మొదట్నించీ అదే."

"ఊరుకో! చిన్నప్పుడు బళ్లో మమ్మల్ని ఏమనేవాళ్లో తెలుసా నీకు? 'ఎండకాట్ వాళ్లింట్లో మనుషులెవరో గొడ్లెవరో తెలీదు' అనేవాళ్లు. తాత గొడ్లని బయట కొట్టంలోకి తోలి, ఆ గుమ్మం మూసి, గులాబీపూలు అంటించాక గానీ మా అమ్మ ఊళ్లో తలెత్తుకుని తిరగలేకపోయింది."

"అంటే నీకు తెలుసన్నమాట!"

"తెలుసు. అన్నయ్యకీ తెలుసు. మా ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తరు." ముందున్న పళ్లెం పక్కకి తోశాడు. "అమ్మ శవపేటిక ఉంచింది ఆ గదిలోనే. ఆ గోడ మీద గునపం పడితే నేనూరుకోను."

"పోయిన మీ అమ్మకి గది కావాలి, బతికున్న మీ అన్నకి అక్కర్లేదా?"

తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. నా నోరు నా మాట వినదు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. కానీ అది నిజం కాదా?

ఆపిల్ పై నేనే తినేశాను.

మార్చి 16

చర్చిలో మెర్విన్ నా పక్కన కూర్చోలేదు. మూడు బెంచీల వెనక నుంచి వాడి దగ్గు వినిపించింది.

మార్చి 19

రెండు ఫోన్లు. పిల్‌బీమ్ ఫోన్‌లోనే గంతులేశాడు: పైవాళ్లు సరేనన్నారు, ఇంటివాళ్లిద్దరూ ఒప్పుకుంటే చాలు. తర్వాత మిస్ టోజర్: ఆశ్రమంలో గది ఖాళీ అయింది, శనివారం దాకా ఆపగలను, ఆ తర్వాత నా చేతుల్లో లేదు, ఓసారి వెళ్లి చూసిరండి.

వెళ్లి చూశాను. శుభ్రంగా ఉంది. అమ్మాయిలు నవ్వుతూ పలకరించారు, బిస్కెట్లు పెట్టారు. తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు. అందుకే భయమేసింది. కిటికీలోంచి కార్లు కనిపిస్తాయి. ఆవు అరుపు వినపడదు.

మెర్విన్ ఇంటికి వెళ్లాను. తలుపు తీయలేదు. లోపల రేడియో మోగుతూనే ఉంది.

మార్చి 21, శుక్రవారం

ఇది వివరంగా రాయాలి. రేపు మరిచిపోతానేమో అని కాదు.

మధ్యాహ్నం ఆస్పత్రిలో హెడ్లీ గోళ్లు తీస్తున్నాను. మెర్విన్ వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ మంచం అవతల నిలబడ్డాడు. నా మొహం చూడలేదు.

"అన్నయ్యా, నీ పెళ్లాం అమ్మ గదిని పగలగొడతానంటోంది. నువ్వు చెప్పు. వద్దని ఒక్క మాట చెప్పు, చాలు."

హెడ్లీ వాణ్ణి చూస్తూ ఉండిపోయాడు. తన నోట్లో మాట బయటికి రావడానికి ఎంత కష్టమో చూస్తే తెలుస్తుంది. దూడని బయటికి లాగుతున్నట్టే ఉంటుంది. చెమట పట్టింది. నేను మాట అందించబోతే ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకుని ఆపేశాడు.

"బూట్లు..." అన్నాడు.

"ఏ బూట్లు?" అన్నాడు మెర్విన్.

"బూట్లు... విప్పను."

మెర్విన్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ గది బయట చలిలో ఒంటికాలి మీద గెంతుతూ బూట్లు లాక్కునే ఇద్దరు కుర్రాళ్లు వాడికి గుర్తొచ్చి ఉంటారు. నవ్వబోయి, నవ్వు మధ్యలో విరిగి, అన్న కాళ్లమీద దుప్పట్లో తలపెట్టి ఏడ్చాడు. అరవై దాటిన మనిషి, అమ్మ పోయినప్పుడు కూడా కళ్లు తడవనివాడు.

"విప్పకురా అన్నయ్యా. బురదతోనే రా. అమ్మని పైనుంచి చూసి అరవనీ" అన్నాడు.

హెడ్లీ ఎడంచేయి వాడి బట్టతల మీద వేసి, ఆవుని నిమిరినట్టు నిమిరాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఇంత మంచి మనుషుల మధ్య నన్ను పడేసినందుకు ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియలేదు.

బయట బస్టాపులో మెర్విన్ అన్నాడు: "ఆపిల్ పై ఇంకా ఉందా వదినా?"

"తినేశాను."

"మొత్తమా?"

"మొత్తం."

మార్చి 22

మిస్ టోజర్‌కి పొద్దున్నే ఫోన్ చేశాను. ఆశ్రమం గది ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను. ఆవిడ అట్నుంచి "హమ్మయ్య" అనడం నాకు వినపడింది.

పియానో చర్చివాళ్లు తీసుకెళ్లారు. గులాబీపూల కాగితం మెర్వినే చింపాడు. మొదట గోటితో మెల్లిగా, అమ్మ నిద్రలేస్తుందేమో అన్నట్టు. తర్వాత బారలు బారలుగా. కింద చారల కాగితం, దాని కింద పచ్చ రంగు, దాని కింద సున్నం. పిల్‌బీమ్ శనివారమైనా వచ్చి పక్కనే నిలబడి ఒక్కో పొర ఊడినప్పుడల్లా "ఆగండాగండి" అంటూ ముక్క తీసి దాచుకున్నాడు. మెర్విన్ ఆయన్ని "పెళ్లికొడుకు" అని పిలవడం మొదలెట్టాడు.

గుమ్మం మూసిన రాళ్లు తీస్తుంటే సాయంత్రానికి వెలుగు పడింది. ముందు పిడికిలంత, తర్వాత తల పట్టేంత. ఆ గదిలోకి అటువైపు నుంచి ఎండ రావడం నేనెన్నడూ చూడలేదు. అడుగున గడపరాయి బయటపడింది. మధ్యలో గుంటపడి, నున్నగా అరిగిపోయి ఉంది. పిల్‌బీమ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "గిట్టలు" అన్నాడు, గుసగుసగా. మెర్విన్ కూడా టోపీ తీశాడు.

ఎన్ని ఆవులు, ఎన్ని చలికాలాలు! వాటిని తోలినవాళ్లు ఎవరో నాకు తెలియదు. వాళ్లలో ఒక్కరికీ హెడ్లీ గురించి తెలియదు. అయినా తనకోసమే కట్టిపెట్టినట్టు ఉంది. వాళ్లందరికీ నా కృతజ్ఞతలు.

మార్చి 27

మిస్ టోజర్ టేపుతో వచ్చింది. ఈసారి పెదవి విరవలేదు. వాలు చూసి మాత్రం కుర్చీకి బ్రేకు వేయడం మరవొద్దంది, లేకపోతే తిన్నగా కన్నం దగ్గరికి పోతాడట. "పోనీండి, కాలవ ఉంది కదా" అన్నాడు మెర్విన్. ఆవిడ నవ్వి నవ్వి టేపు మీద కూర్చుంది.

మార్చి 30, ఈస్టర్

ఆ గదిలో బూట్లతో తిరిగాను. తప్పు చేస్తున్నట్టే ఉంది. ఇంకోసారి తిరిగాను.

ఏప్రిల్ 2

వచ్చాడు.

అంబులెన్సు దొడ్లోకి వెనక్కి వచ్చింది. ఆస్పత్రి కుర్రాడు కుర్చీని గుమ్మం దగ్గరికి తోసి, గడపరాయి గుంటలో చక్రం దిగుతుందని భయపడ్డాడు. దిగలేదు, దొర్లింది. రెండు పక్కలా ఎక్కడా రాసుకోలేదు. హెడ్లీ తల ఎత్తి పైనున్న పొడుగు రాయిని చూశాడు, తర్వాత నల్లటి వాసాలని చూశాడు, తర్వాత తన బూట్లని చూసుకున్నాడు. మెర్విన్ ఆస్పత్రిలోనే వాటిని తొడిగి తెచ్చాడు, అంగుళం మందాన ఎండిన పేడతో, జనవరిలో ఎలా ఉన్నాయో అలా.

"బెరిల్" అన్నాడు హెడ్లీ.

నా పేరు. మూడు నెలల్లో మొదటిసారి. మంచం సర్దుతున్నట్టు వెనక్కి తిరిగాను.

బయట కొట్టంలోంచి ఆవులు అరిచాయి. తనకి వినపడింది. టీ ఇస్తే ఎడంచేత్తో తాగాడు, పాస్టరుగారి చోట్లోనే కూర్చుని.

ఏప్రిల్ 3

పొద్దున మెర్విన్ వచ్చేసరికి నేను మెట్ల కింద నిలబడి ఉన్నాను. రాత్రంతా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. పైన పడుకుంటే కింద తను కదిలిన చప్పుడు వినపడదు. ఎక్కడ పడతాడోనని దిగడం, నిద్రపోతున్నాడని చూసి ఎక్కడం. 

పెద్ద డాక్టరు ఆ రోజు చెప్పింది నేను విన్నాను. అంతా విన్నాను, ఆ కాళ్లు ఇక మెట్లెక్కవని. ఆ రోజు బస్సుకి ఇంకా చాలా టైమే ఉండింది.

"నా పరుపు కిందికి దించుతావా మెర్విన్?" అన్నాను.

వాడు దాన్ని చాపలా చుట్టి, మెలికల మెట్లమీంచి తిట్టుకుంటూ, గోడలకి రుద్దుకుంటూ దించాడు. హెడ్లీ మంచం పక్కన పరిచాక నడుం పట్టుకుని అడిగాడు: "ఎన్నాళ్లకి వదినా? వేసవికి మళ్లీ పైకి ఎక్కించాలా? ఇప్పుడే చెప్పు, నా నడుముకి తెలియాలి."

"వద్దు. ఇక్కడే ఉండనీ" అన్నాను.

మెర్విన్ కట్టెలు తెస్తానని బయటికి వెళ్లాడు. నేను హెడ్లీవైపు చూడటానికి కొంచెంసేపు పట్టింది. తను నన్నే చూస్తున్నాడు. ఆశ్చర్యపోలేదు. తనకి ముందునుంచీ తెలుసు. నాకు తెలిసేదాకా ఆగాడు.

ఎడంచేత్తో పరుపు మీద తట్టాడు. బూట్లు విప్పకుండానే పడుకున్నాను.